మినెట్ డి సిల్వా: "మొదటి మహిళ" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాం

నాపరాయి:
అందరికీ నమస్కారం. శ్రీలంక ఆర్కిటెక్ట్ మినెట్ డి సిల్వా గురించి ఇక్కడ కొంచెం వివరంగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆవిడ పేరు ఎక్కడ కనిపించినా వెంట ఒకే వాక్యం ఉంటుంది: 1948లో రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్‌కు అసోసియేట్‌గా ఎన్నికైన మొదటి ఆసియా మహిళ. అది గొప్పే, కాదనను. కానీ ఆ తర్వాత ఆవిడ ఇంకో యాభై ఏళ్లు ఉన్నారు. ఆ యాభై ఏళ్లలో ఏం కట్టారు, ఎలా కట్టారు అన్నది ఎవరూ అడగరు.

ముందు క్లుప్తంగా చెబుతాను. 1918 ఫిబ్రవరి 1న కాండీలో పుట్టారు. తండ్రి జార్జ్ ఇ. డి సిల్వా లాయరు, సిలోన్ (శ్రీలంకకు అప్పటి పేరు) జాతీయ రాజకీయాల్లో పేరున్న నాయకుడు. తల్లి ఆగ్నెస్ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం ఉద్యమం నడిపిన మనిషి. 1931లో సిలోన్‌లో స్త్రీ పురుషులందరికీ ఓటు వచ్చిందంటే దాని వెనక ఆవిడ లాంటివాళ్లున్నారు. ఆర్కిటెక్చర్ నేర్పే కాలేజీ అప్పటికి సిలోన్‌లో లేదు. అందుకని మినెట్ బొంబాయి వచ్చారు, తర్వాత లండన్ వెళ్లారు, 1949లో కాండీకి తిరిగొచ్చి అమ్మానాన్నల ఇంట్లోనే ఆఫీసు పెట్టారు. ఎవరి భాగస్వామ్యమూ లేకుండా, సొంత పేరు మీద.

మొదటి ఇల్లు కరుణరత్న వాళ్లది, 1949–51లో కాండీ కొండవాలు మీద కట్టింది. ఆ తర్వాత కొలంబోలో పీరిస్ ఇల్లు, సేనానాయకే ఫ్లాట్లు, కాండీ శివార్లలో వటపులువ కాలనీ. చివర్లో 1982–84 మధ్య కాండీ కళాకేంద్రం. 1996లో శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ బంగారు పతకం ఇచ్చింది. 1998లో, 80 ఏళ్ల వయసులో, చేతిలో డబ్బు లేని స్థితిలో కాండీలో చనిపోయారు.

నా దృష్టిలో ఆవిడ అసలు ఘనత పని చేసిన పద్ధతిలో ఉంది. చాపలు నేసేవాళ్లను, ఇంట్లో ఉండబోయేవాళ్లను డిజైనులోకి తీసుకొచ్చారు. మీరేమంటారో చెప్పండి.

వానచుక్క:
నేను ఆర్కిటెక్చర్ మూడో ఏడాది చదువుతున్నానండీ. మా క్లాసులో శ్రీలంకకే చెందిన ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా గురించి వారం రోజులు చెప్పారు. ఈవిడ పేరు ఒక్కసారి కూడా రాలేదు. బొంబాయిలో చదివారన్నారు కదా, అక్కడ డిగ్రీ పూర్తి చేసే లండన్ వెళ్లారా? లేకపోతే ఆ సభ్యత్వం ఎలా వచ్చింది?

పాతసంచిక:
పూర్తి చేయనివ్వలేదమ్మా. ఆ కథ నాకు చాలా ఇష్టం, కాస్త వివరంగా చెబుతాను.

బొంబాయిలో మొదట మిస్త్రీ అండ్ భేద్వార్ అనే ఆఫీసులో పని నేర్చుకున్నారు. ఆ మిస్త్రీ కుటుంబంలోని అమ్మాయే పెరీన్ మిస్త్రీ, భారతదేశపు మొదటి మహిళా ఆర్కిటెక్టుగా చెప్పుకునేది ఆవిడనే. ఇద్దరూ స్నేహితులు. తర్వాత మినెట్ బొంబాయిలోనే జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరారు. అది 1942, క్విట్ ఇండియా రోజులు. గాంధీగారిని విడుదల చేయాలని జరిగిన ప్రదర్శనకు వెళ్లారు. క్షమాపణ రాసిస్తే చదువు కొనసాగించవచ్చన్నారు. ఆవిడ రాయనన్నారు, బయటికి పంపేశారు.

చదువు ఆగినా పని ఆగలేదు. బెంగళూరులో ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ దగ్గర చేరారు. ఆయన జర్మన్ యూదుడు, హిట్లర్ కాలంలో దేశం వదిలి వచ్చి మైసూరు సంస్థానంలో ప్రధాన ఆర్కిటెక్టుగా ఉండేవాడు. టాటాల కోసం జంషెడ్‌పూర్ నగర ప్రణాళిక వేస్తున్న సమయం అది, ఆ పనిలో మినెట్ పాల్గొన్నారు. ఎండ, గాలి, వాన లెక్క కట్టి ఇల్లు గీయడాన్ని ఒక శాస్త్రంలా చూసిన మనిషి దగ్గర శిక్షణ దొరికిందన్నమాట. ఆయనే తర్వాత లండన్‌లో ఉష్ణమండల ఆర్కిటెక్చర్ విభాగం మొదలుపెట్టడంలో ముఖ్యుడయ్యాడు.

యుద్ధం అయ్యాక లండన్‌లో ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో చేరి, యుద్ధం వల్ల చదువు ఆగిపోయినవాళ్ల కోసం పెట్టిన ప్రత్యేక పరీక్ష రాసి 1948లో అసోసియేట్ అయ్యారు.

మన తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటి ఉంది. మినెట్ అక్క అనిల్ డి సిల్వా ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ మొదటి ప్రధాన కార్యదర్శి. మన ప్రజానాట్యమండలి ఆ గొడుగు కింద ఎదిగిందే కదా. 1946లో రచయిత ముల్క్ రాజ్ ఆనంద్‌తో కలిసి 'మార్గ్' అనే కళల పత్రిక మొదలుపెట్టినవాళ్లలో ఈ అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నారు.

దూలం:
నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. కరుణరత్న ఇంటి డ్రాయింగులు చూశాను కాబట్టి ఆ భాగం వరకు చెబుతాను.

కొండవాలు మీద ఇల్లు కట్టమంటే ఎక్కువమంది మొదట చేసే పని వాలును తవ్వి చదును చేయడం. తవ్వితే వెనక నిటారుగా మట్టి నిలబడుతుంది, దాన్ని ఆపడానికి గోడ కావాలి. వానాకాలంలో ఆ మట్టిలో నీరు చేరి గోడను వెనకనుంచి తోస్తుంది. ఆ నీరు బయటికిపోయే దారి సరిగ్గా లేకపోతే గోడ పగులుతుంది, లేదా ఏకంగా కూలుతుంది. కాండీలో రెండు రుతుపవనాల వానా పడుతుంది.

మినెట్ గారు వాలును వాలుగానే ఉంచారు. ఇంటిని వేర్వేరు ఎత్తుల్లో అంచెలుగా విడగొట్టారు. కొంత భాగాన్ని కాంక్రీటు స్తంభాల మీద నిలబెట్టారు. నేలను తక్కువ కదిలిస్తే నీటి దారి చెడదు. ఇప్పుడు ఇది మామూలుగా వినిపిస్తుంది. 1949లో ఆ ఊళ్లో మేస్త్రీలకూ కాంట్రాక్టర్లకూ ఇది కొత్త, గీసిందేమో ముప్పై ఏళ్లు దాటిన ఒంటరి యువతి. ఇది నిలబడుతుందా అని అందరూ అనుమానపడ్డారు. ఆ ఇల్లు నిలబడింది.

తాటిమట్ట:
నేను కొంచెం అడ్డం వస్తాను, తప్పుగా అనుకోకండి. తండ్రి పెద్ద రాజకీయ నాయకుడు. అక్క బొంబాయి మేధావుల మధ్య తిరిగే మనిషి. 1947లో ఇంగ్లండ్‌లోని బ్రిడ్జ్‌వాటర్‌లో ఆధునిక ఆర్కిటెక్టుల మహాసభ సియామ్ జరిగితే అక్కడ ఈవిడున్నారు, ఆధునిక ఆర్కిటెక్చర్‌లో పెద్ద పేరైన లె కొర్బూజియేతో స్నేహం. 1948లో పోలెండ్‌లో మేధావుల మహాసభలో పికాసో పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది. ఇన్ని తలుపులు తెరిచి ఉన్న మనిషిని వివక్షకు బలైపోయిందంటే నాకు మింగుడుపడటం లేదు. పైగా కట్టినవి ఎన్ని? బావా పనితో పోలిస్తే చాలా తక్కువ. స్త్రీ కాబట్టి ఇప్పుడు ఎత్తి చూపిస్తున్నామేమో అని నా అనుమానం.

కిటికీరెక్క:
తాటిమట్ట గారూ, ఇది అడగాల్సిన ప్రశ్నే. పదిహేనేళ్లుగా సొంత ప్రాక్టీసు నడుపుతున్నదాన్ని కాబట్టి నా వైపు నుంచి చెబుతాను.

డబ్బూ పలుకుబడీ ఉన్న ఇంట్లో పుట్టడం వల్లే ఆవిడకు చదువు దొరికింది. దాన్ని ఎవరూ దాచనక్కర్లేదు, ఆవిడా దాచలేదు. కానీ చదువు దొరకడం వేరు, పని దొరకడం వేరు. మహాసభల్లో ఎవరి పక్కన నిలబడ్డారన్నది చూసి ఎవరూ ఆసుపత్రి కట్టే పని ఇవ్వరు. సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రభుత్వం ఎన్నో భవనాలు కట్టింది. ఆవిడ చేతికి వచ్చినవి ఎక్కువగా తెలిసినవాళ్ల ఇళ్లే. కరుణరత్న దంపతులు కూడా అమ్మానాన్నల స్నేహితులే.

ఇక బావా సంగతి. ఆయనంటే నాకు అపార గౌరవం, ఆ గౌరవంతోనే చెబుతున్నాను. ఆయనా సంపన్న కుటుంబీకుడే, లాయరుగా మొదలై ఆలస్యంగా, 1957లో ఆర్కిటెక్టుగా అర్హత పొందారు. అప్పటికే నడుస్తున్న ఎడ్వర్డ్స్, రీడ్ అండ్ బెగ్ అనే సంస్థలో చేరారు. అక్కడ ఇంజనీర్లు ఉన్నారు, గుమాస్తాలు ఉన్నారు, క్లయింట్ల జాబితా ఉంది. డెన్మార్క్ నుంచి ఉల్రిక్ ప్లెస్నర్ అనే ఆర్కిటెక్ట్ 1958లో సిలోన్ వచ్చింది మినెట్ దగ్గర పనిచేయడానికి. తర్వాత ఆయన బావా దగ్గరికి వెళ్లిపోయాడు, ఇద్దరూ కలిసి గొప్ప పని చేశారు. మనుషులు పని ఉన్నచోటికి వెళ్తారు, అందులో ఎవరి తప్పూ వెతకను. అయితే లోపలి వాకిలి, పెంకు కప్పు, చేతిపనివాళ్లు, ఆధునిక కాంక్రీటు, ఇవన్నీ ఒక ఇంట్లో కలిపి చూపించిన పని 1951 నాటికే కాండీలో పూర్తయి ఉంది. వరస మనం గుర్తుంచుకోవాలి కదా.

సైటులో ఆడమనిషి మాట ఎలా వింటారో నాకు బాగా తెలుసు. "సార్ ఎప్పుడొస్తారు మేడం?" అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఆవిడకు చూపించడానికి సార్ ఎవరూ లేరు. పురుష భాగస్వామి లేకుండా పనిచేయడం వల్ల కాంట్రాక్టర్లు, వ్యాపారులు, ప్రభుత్వం ఎవరూ నమ్మేవారు కాదని ఆవిడే చెప్పుకున్నారు.

వానచుక్క:
కిటికీరెక్క గారూ, చేతిపనివాళ్లు అన్నారు కదా. అంటే అలంకరణ కోసం వాడుకున్నారా, లేక ఇంకేమైనా ఉందా?

నాపరాయి:
ఇది నేను చెబుతాను, ఈ చర్చ మొదలుపెట్టిందే దీనికోసం.

కాండీ చుట్టుపక్కల దుంబర చాపలని ఉంటాయి. కిత్తనార లాంటి నారతో మగ్గం మీద నేస్తారు, ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో జంతువులు, పక్షులు, గళ్లు. తరతరాలుగా ఇవి నేల మీద పరుచుకునే చాపలు, గోడకు వేలాడదీసేవి. మినెట్ వాటిని తలుపు పలకలుగా వాడారు. చెక్క చట్రంలో నేత బిగించారు. మట్టి పలకల మీద కాండీ నాట్యకారుల బొమ్మలు అచ్చు వేయించి కాల్పించారు. మాతలె ప్రాంతపు లక్క పనివాళ్లతో మెట్ల కమ్మీలకు రంగులు వేయించారు. కరుణరత్న ఇంట్లో గోడ మీద చిత్రం శ్రీలంక చిత్రకారుడు జార్జ్ కీట్‌ది. అదే ఇంట్లో గాజు ఇటుకలూ కాంక్రీటు స్తంభాలూ ఉన్నాయి.

1815లో కాండీ రాజ్యం బ్రిటిష్ వాళ్ల చేతికి పోయాక ఈ పనివాళ్లకు రాజపోషణ పోయింది. 1908లో కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి ఈ చేతివృత్తుల గురించి పెద్ద గ్రంథమే రాశారు, మినెట్ మీద ఆ ఆలోచనల ప్రభావం గట్టిగా ఉంది. అయితే గ్రంథం రాస్తే నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగదు. అతని పనికి కొత్త ఇంట్లో చోటు దొరకాలి. చాప మ్యూజియంలో ఉంటే అది వస్తువు. తలుపులో ఉంటే, పాతబడినప్పుడు మళ్లీ నేతగాణ్ని పిలవాలి. ఆ రెండో పిలుపు కోసమే ఆవిడ పాటుపడ్డారని నా నమ్మకం.

పాతసంచిక:
ఒక చిన్న పక్కదారి, మన్నించండి. ఆ 1815లో పోయిన కాండీ రాజవంశం నాయకర్లది, 1739 నుంచి పాలించారు. మధుర నాయకులతో బంధుత్వమున్న తెలుగు మూలాలవాళ్లు. కాండీ మనకు అంత పరాయి ఊరు కాదు.

తాటిమట్ట:
నాపరాయి గారి మాట బాగుంది. అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. ఇవన్నీ ఉన్నవాళ్ల ఇళ్లు. నేతగాణ్ని పిలిచే స్తోమత కరుణరత్న గారికి ఉంటుంది. మామూలు గుమాస్తా సంగతేంటి?

కిటికీరెక్క:
వటపులువ చూడండి తాటిమట్ట గారూ. నా లెక్కలో ఆవిడ చేసిన అతి పెద్ద పని అదే, అతి తక్కువ మాట్లాడుకునేదీ అదే.

ప్రభుత్వ ఉద్యోగులు ఇళ్ల కోసం కలిసి పెట్టుకున్న పథకం. 1958కి పూర్తయింది, సుమారు 250 ఇళ్లు. మామూలుగా ఇలాంటి చోట ఒక నమూనా గీసి దాన్నే వరసగా అచ్చు గుద్దుతారు. మినెట్ గీయకముందే ప్రశ్నపత్రం తయారుచేసి ఉండబోయేవాళ్లకు ఇచ్చారు. ఇంట్లో ఎంతమంది, ఎంత ఖర్చు పెట్టగలరు, వంట ఎలా చేస్తారు, ఏ మతం, ఏ ఆచారం. వాళ్లతో కూర్చుని మాట్లాడారు. ఆ జవాబుల్ని బట్టి కొన్ని రకాల ఇళ్లు తయారుచేసి, ఎవరికి తగ్గట్టు వాళ్లకు మార్పులు చేశారు. కొండవాలునూ చెట్లనూ వీలైనంత ఉన్నవి ఉన్నట్టే ఉంచారు.

ఈ పని ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. నాలుగు కుటుంబాల అపార్ట్‌మెంట్‌కే ఒక్కొక్కరి కోరికా విని, రాసుకుని, ఒకదానితో ఒకటి పొసగేలా చేసేసరికి టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఆవిడ వందల కుటుంబాలకు చేశారు, కంప్యూటరు లేని రోజుల్లో, చేతి కింద పెద్ద సిబ్బంది లేకుండా. "ప్రజల భాగస్వామ్యం" అన్న మాట ఇళ్ల పథకాల్లో ఫ్యాషన్ అయింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు.

పాతసంచిక:
ఆ ఏడాదిని కూడా చూడాలి. 1956లో సిలోన్‌లో సింహళం ఒక్కటే అధికార భాష అంటూ చట్టం వచ్చింది. 1958లో తమిళుల మీద ఘోరమైన అల్లర్లు జరిగాయి. సింహళీయులు, తమిళులు, ముస్లింలు, బర్గర్లు (యూరోపియన్ సంతతివాళ్లు) పక్కపక్కన ఉండేలా వేసిన కాలనీ సరిగ్గా ఆ ఏడాదే పూర్తయింది. మినెట్ తండ్రి సింహళ బౌద్ధుడు, తల్లి బర్గర్ క్రైస్తవురాలు. కలిసి ఉండటం ఆవిడ పుట్టిన ఇంటి సంగతే.

తాటిమట్ట:
ఈ ప్రశ్నపత్రం సంగతి నేను వినలేదు. ఇది నిజంగా పెద్ద పని. అలాంటప్పుడు ఆ తర్వాత ఏమైంది? నలభై ఏళ్ల వయసులో వటపులువ చేసిన మనిషి, 1982 దాకా పెద్దగా కనిపించరెందుకు?

కిటికీరెక్క:
చాలా కారణాలున్నాయి. అరవైల మొదట్లో తల్లి పోయారు, మినెట్ బాగా కుంగిపోయారు. ఆ దశకంలో చాలా కాలం దేశం బయట ప్రయాణాల్లో గడిపారు. భాగస్వాములున్న సంస్థయితే ఒకరు దూరమైనా ఆఫీసు నడుస్తుంది. ఒక్కరి మీద నిలబడ్డ ఆఫీసు ఆ ఒక్కరూ లేకపోతే ఆగిపోతుంది. నాకు పాప పుట్టినప్పుడు మా ఆఫీసు మూతపడే దాకా వచ్చింది, అందుకే ఈ భాగం చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

1973లో కాండీ ఆఫీసు మూసేసి లండన్ వెళ్లారు. అక్కడ బానిస్టర్ ఫ్లెచర్ చరిత్ర గ్రంథం కొత్త కూర్పు కోసం దక్షిణాసియా భాగం రాశారు. ప్రపంచమంతా ఆర్కిటెక్చర్ విద్యార్థులు చదివే పుస్తకమది. తర్వాత హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో ఆసియా ఆర్కిటెక్చర్ చరిత్ర చెప్పారు. 1979లో మళ్లీ కాండీ. కాబట్టి ఖాళీగా ఉన్న కాలం కాదు, కట్టడాలు లేని కాలం మాత్రమే.

దూలం:
ఒక సాంకేతిక విషయం జోడిస్తాను. పీరిస్ ఇంటి నడిమి వాకిలిని అక్కడ మిదుల అంటారు, మన మండువా లాంటిదే. కొలంబో ఉక్కపోతలో వేడి గాలి పైకి పోవడానికి అది దారి. చుట్టూ గదులు ఆ ఖాళీ వైపు తెరుచుకుంటే ఒక వైపు నుంచి గాలి వచ్చి రెండో వైపు పోతుంది. ఇంటిని స్తంభాల మీద ఎత్తితే కింద నీడా దొరుకుతుంది, గాలీ ఆడుతుంది. స్తంభాల ఆలోచన కొర్బూజియే దగ్గర్నుంచి వచ్చిందంటారు. కావచ్చు. యూరప్‌లో అది కారు పెట్టుకోవడానికీ తోటకీ పనికొచ్చింది. ఇక్కడ తేమ నుంచి ఇంటిని కాపాడింది.

వానచుక్క:
కొర్బూజియే ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇంటర్నెట్‌లో వెతికితే సగం వ్యాసాలు వాళ్లిద్దరి మధ్య ఏముందన్న దాని గురించే ఉన్నాయి.

కిటికీరెక్క:
అవును, అది చూస్తే నాకు కోపం వస్తుంది. 1947లో కలిశారు, 1965లో ఆయన పోయేదాకా ఉత్తరాలు రాసుకున్నారు. అంతవరకు చరిత్ర. చీర కట్టు, జడలో పూలు, ఫొటోలో ఎవరి పక్కన కూర్చున్నారు, వీటితో పేజీలు నింపి వటపులువకు ఒక్క లైను ఇస్తే ఎలా? కొర్బూజియే జీవితం రాసేవాళ్లు ఆయన కట్టు బొట్టుతో మొదలుపెట్టరు కదా. వానచుక్కా, నువ్వు ప్రాజెక్టు రాస్తే కట్టడాలతో మొదలుపెట్టమ్మా.

నాపరాయి:
ఆలోచనల వరసలో కూడా ఆవిడ చోటు చెప్పాలి. 1950లోనే "ఆధునిక ప్రాంతీయ ఆర్కిటెక్చర్" అన్న మాట వాడారు, 1953లో కరుణరత్న ఇంటి గురించి మార్గ్ పత్రికలో రాశారు. ఆధునిక పద్ధతిని ఆ ప్రాంతపు వాతావరణంతో, సంప్రదాయంతో కలిపి కట్టే ఈ ఆలోచనకు పాశ్చాత్య విమర్శకులు "క్రిటికల్ రీజనలిజం" అని పేరు పెట్టింది 1981లో. రెండేళ్ల తర్వాత కెన్నెత్ ఫ్రాంప్టన్ వ్యాసంతో అది ప్రపంచమంతా పాకింది. ముప్పై ఏళ్ల తేడా. పేరు పెట్టినవాళ్లకు గుర్తింపు వచ్చింది, ముందే కట్టి చూపించినావిడ ఇంటికి రిపేర్లు లేక కాండీలో ఒంటరిగా ఉన్నారు.

చివరి ఏళ్లలో తన పని మొత్తాన్ని ఫొటోలు, ఉత్తరాలు, డ్రాయింగులతో పుస్తకంగా కూర్చుకున్నారు. అది ఆవిడ పోయాక అచ్చయింది. కట్టినవాటిలో చాలా భాగం కూలిపోయాయి, లేదా కూల్చేశారు. అందుకే ఆ పుస్తకం లేకపోతే మనం ఈ మాత్రం కూడా మాట్లాడుకోలేకపోయేవాళ్లం.

తాటిమట్ట:
స్త్రీ కాబట్టి ఎత్తి చూపిస్తున్నామన్న నా అనుమానం పోయింది. ఇంకోటి మిగిలింది. తలుపుల్లో బిగించిన నేత ఎన్నాళ్లు నిలుస్తుంది? తేమకు పాడవదా? మార్చే నేతగాడు దొరక్కపోతే ఆ డిజైను అక్కడితో ఓడిపోయినట్టే కదా?

కిటికీరెక్క:
పాడవుతుంది, మార్చాలి. కాండీ దగ్గర హెనావల ఊళ్లో ఇప్పటికీ దుంబర నేస్తున్నారు, కాకపోతే కొద్ది కుటుంబాలే. ఇలాంటి డిజైను ఇంటి యజమాని పూచీ మీద బతుకుతుంది. యజమాని పట్టించుకోకపోతే ప్లైవుడ్ కొట్టేస్తారు. ఇది నేను బలహీనతగానే చూస్తాను. నా పనిలో నేత వాడినప్పుడు చట్రాన్ని మరమేకులతో పెడతాను, నేతను మాత్రం విప్పి మార్చుకునేలా. ఆ జాగ్రత్త ఆవిడ ఇళ్లు చూశాకే వచ్చింది.

వానచుక్క:
సెలవుల్లో మా బ్యాచ్ శ్రీలంక వెళ్తున్నాం. కాండీలో లోపలికి వెళ్లి చూడగలిగేది ఏదైనా ఉందా?

పాతసంచిక:
ఇళ్లు ప్రైవేటువి, అడగకుండా లోపలికి వెళ్లొద్దు. కళాకేంద్రం అందరికీ తెరిచి ఉంటుంది. సరస్సు ఒడ్డున, బుద్ధుడి దంతాన్ని ఉంచిన గుడి దంతాలయానికి దగ్గర్లోనే. సాయంత్రం కాండీ నాట్య ప్రదర్శన ఉంటుంది, టూరిస్టులతో నిండిపోతుంది. మీరు వెలుగుండగానే వెళ్లి పెంకు కప్పులు అంచెలంచెలుగా ఎలా దిగాయో, పాత కట్టడాన్ని కొత్తదానిలో ఎక్కడ కలిపారో చూసి స్కెచ్ వేసుకోండి. కొలంబోలో గ్రెగరీస్ రోడ్డు మీదుగా వెళ్తే సేనానాయకే ఫ్లాట్లు రోడ్డు మీంచి కనిపిస్తాయి.

దూలం:
వటపులువకూ వెళ్లండి, అది మామూలు కాలనీయే, రోడ్ల మీద నడవచ్చు. ఇళ్లవాళ్లు ఈ అరవై ఏళ్లలో ఏవేవో కలుపుకుని ఉంటారు. ఏ ఇంట్లో ఏం మార్చారో, ఏది మార్చకుండా వదిలేశారో రాసుకుని తెచ్చి ఇక్కడ పెట్టండి. వాలు మీద నీరు ఎటు పోతోందో కూడా చూడండి, వాన పడితే ఇంకా మంచిది.